ఒక్క ఎక్సెల్ కాలమ్, 17 రోజులు: ఆఫీసు ఫైళ్లకు పర్మిషన్లు పెట్టుకున్న నా అనుభవం

2025 నవంబర్ 18, మంగళవారం. సాయంత్రం ఐదూ నలభై అయింది. ఎల్లుండే 20వ తేదీ, 3బి రిటర్నులకు, అంటే నెలనెలా వేసే జీఎస్టీ లెక్కలకు, ఆఖరి రోజు. చిక్కడపల్లిలో మాది ఒక ఆడిటర్ గారి ఆఫీసు. సార్‌తో కలిపి తొమ్మిది మందిమి. నెలనెలా జీఎస్టీ కట్టే క్లయింట్లు 96 మంది. అందరి లెక్కా ఒకే ఎక్సెల్ ఫైల్లో ఉంటుంది, దాన్ని మేము మాస్టర్ అంటాం.

చిన్న లైనింగు బట్టల షాపు ఒకటి ఉంది. ఆయన ఐటీసీ, అంటే కొనుగోళ్ల మీద కట్టిన జీఎస్టీలో తిరిగి సర్దుకునే మొత్తం, నెలకు ఎనిమిది, తొమ్మిది వేలకు మించదు. ఆ రోజు ఆయన వరసలో పదకొండు లక్షల చిల్లర కనిపించింది. ఎవరో ఒక సున్నా ఎక్కువ కొట్టారనుకున్నాను. పై వరస చూశాను, కింది వరస చూశాను. అప్పుడు కాలమ్ మొత్తం పైనుంచి కిందికి జరిపి చూస్తే చేతులు చల్లబడ్డాయి. 96 అంకెలూ పెద్దదాని నుంచి చిన్నదానికి మెట్లు దిగినట్టు దిగుతున్నాయి. ఎవరో ఐటీసీ కాలమ్ ఒక్కటే సెలెక్ట్ చేసి సార్ట్ కొట్టారు. పక్క కాలమ్‌లను కూడా కలుపుకోమంటావా అని ఎక్సెల్ అడుగుతుంది. అక్కర్లేదని నొక్కి, సేవ్ చేసి, మూసేశారు. పేర్లు పేర్ల చోటే ఉన్నాయి, అమ్మకాలు అమ్మకాల చోటే ఉన్నాయి. ఐటీసీ మాత్రం ఒకరిది ఇంకొకరికి పోయింది. ఫైలు మూసేశాక ఇక అన్‌డూ లేదు.

మొదట ఎవరు చేశారో కనుక్కుందామనుకున్నాను, కోప్పడటానికి కాదు, వాళ్ల దగ్గర పాత కాపీ ఏమైనా ఉంటుందేమోనని. ప్రాపర్టీస్‌లో చివరగా సేవ్ చేసినవారి పేరు చూస్తే ‘అడ్మిన్’ అని ఉంది. మా ఆఫీసులో అన్ని కంప్యూటర్లలోనూ ఎక్సెల్‌కు ఆ పేరే పెట్టారు. విండోస్ లాగిన్ కూడా అందరిదీ ‘ఆఫీస్’ అన్నదే. ప్రీవియస్ వెర్షన్స్ ట్యాబ్ తెరిస్తే ఏమీ లేవు. అవి ఉండాలంటే ముందే ఆన్ చేసి పెట్టుకోవాలట. అక్టోబర్ 31న సార్‌కు మెయిల్ చేసిన కాపీ ఒకటి దొరికింది కానీ, ఈ నెల ఐటీసీ అందులో ఎలా ఉంటుంది?

ఆ రాత్రీ, మర్నాడు రాత్రీ నలుగురం కూర్చున్నాం. ఎవరికెంత ఐటీసీ వస్తుందో చూపిస్తూ 14వ తేదీన జీఎస్టీ పోర్టల్లో వచ్చే 2బి స్టేట్‌మెంట్‌ను ఒక్కో క్లయింట్ లాగిన్‌తో, ఒక్కో క్యాప్చా కొట్టి దించుకుని, వాళ్ల కొనుగోళ్ల రిజిస్టర్‌తో మళ్లీ సరిచూసి, మళ్లీ రాశాం. 20వ తేదీ రాత్రి తొమ్మిదిన్నరకు ఆఖరి రిటర్ను వెళ్లింది. ఆ రెండు రాత్రులూ మా అబ్బాయికి అన్నం పక్కింటి అత్తయ్యే పెట్టింది.

21వ తేదీ శుక్రవారం ఉదయం సార్ పిలిచి, “ఇది ఇంకోసారి కాకూడదమ్మా. ఏం కావాలో చూడండి” అన్నారు. మా డేటా అంతా ఒక మూల కంప్యూటర్లో డి డ్రైవ్‌లో ఉంటుంది. దాన్ని సర్వర్ అని పిలుస్తాం గానీ, మామూలు విండోస్ 11 ప్రో పీసీ. ఆరేళ్ల నుంచి ఆ ఫోల్డర్‌కు ఎవ్రీవన్, ఫుల్ కంట్రోల్. అంటే నెట్‌వర్క్‌లోకి వచ్చిన ఎవరైనా ఏ ఫైలునైనా మార్చొచ్చు, తీసేయొచ్చు. ఆరేళ్లూ ఏమీ కాలేదు కాబట్టి అదే సరైనదనుకున్నాం.

కంప్యూటర్లు రిపేరు చేసే అబ్బాయికి అదే రోజు ఫోన్ చేశాను. రేపొస్తా, ఎల్లుండొస్తా అంటూ 25వ తేదీ మంగళవారం వచ్చాడు. ఇరవై నిమిషాల్లో అయిపోయిందన్నాడు. మాస్టర్ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో రీడ్-ఓన్లీ అన్న చిన్న గడిలో టిక్ పెట్టాడు. వేరే సిస్టం నుంచి తెరిచి చూస్తే నిజంగానే సేవ్ కాలేదు. సంతోషంగా 1,200 రూపాయలు ఇచ్చి పంపాను. మధ్యాహ్నానికల్లా ఒక ఆర్టికల్ అబ్బాయి (సీఏ చదువుతూ మా దగ్గర పని నేర్చుకునేవాళ్లను ఆర్టికల్స్ అంటాం) అదే గడిలో టిక్ తీసేసి మామూలుగా పని చేసుకుంటున్నాడు. అతని తప్పేం లేదు, సేవ్ కావట్లేదని చూసి సరిచేశాననుకున్నాడు. ఆ టిక్ తాళం కాదని, తలుపు దగ్గరగా వేయడం లాంటిదేనని ఆ రోజు అర్థమైంది. ఎక్సెల్‌లో పెట్టే మాడిఫై పాస్‌వర్డ్ కూడా అంతే. ఫైలును మార్చనివ్వదు గానీ, మొత్తంగా డిలీట్ చేస్తే ఆపలేదు.

అదే రోజు ఆ అబ్బాయి పాస్‌వర్డ్ అడగకుండా షేరింగ్ పెట్టి వెళ్లడంతో ఇంకో ఇబ్బంది వచ్చింది. కొత్తగా కొన్న రెండు ల్యాప్‌టాప్‌లు ఫోల్డర్‌నే తెరవలేదు. గుర్తు తెలియని గెస్ట్‌లను రానివ్వం అన్న అర్థం వచ్చే మెసేజ్ చూపించాయి. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి ఈ పట్టు ఇంకా బిగించారట. పాత సిస్టంలలో తెరుచుకుంటోంది, కొత్తవాటిలో లేదు. రెండు రోజులు ల్యాప్‌టాప్‌ల వాళ్లు పెన్‌డ్రైవ్‌లతో తిరిగారు.

అప్పుడు మా చిన్నమ్మ కొడుక్కి ఫోన్ చేశాను. గచ్చిబౌలిలో ఒక కంపెనీలో సిస్టమ్స్ చూస్తాడు. “అక్కా, ఆదివారం వస్తా. ఈలోపు నువ్వొక కాగితం మీద ఏ ఫోల్డర్‌లో ఎవరు రాయాలి, ఎవరు చదివితే చాలు అన్నది రాసి పెట్టు. కంప్యూటర్ ముట్టుకోకు” అన్నాడు. ఈ మొత్తం వ్యవహారంలో బాగా పనికొచ్చిన మాట ఇదే. నేను సగమే పాటించాను, దాని సంగతి తర్వాత చెప్తాను.

29వ తేదీ శనివారం చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్స్‌లో దిగి, అక్కడి నుంచి ఆటోలో పార్క్‌లేన్‌లోని సీటీసీకి, అదే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లాను. రెండు టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ 6,300, ఎనిమిది పోర్టుల గిగాబిట్ స్విచ్ 1,450, కేబుళ్లు 600. ముందిచ్చిన 1,200తో కలిపి మొత్తం ఖర్చు 9,550 రూపాయలు. కొత్త సర్వర్‌కు లక్ష దాటుతుందేమోనని సార్ భయపడ్డారు. ఉన్న పీసీతోనే సరిపోయింది. మామూలు విండోస్ పీసీకి ఒకేసారి ఇరవై కనెక్షన్ల దాకానే అనుమతి ఉంటుంది, మేము తొమ్మిది మందిమే.

30వ తేదీ ఆదివారం ఉదయం పదికి మొదలుపెడితే సాయంత్రం ఆరున్నర అయింది. ముందు మూల పీసీలో నా జాబితాలో ఉన్న ఒక్కొక్కరికీ ఒక్కో యూజర్ పేరు. ఆ తర్వాత గ్రూపులు: సీనియర్లు, అకౌంట్స్, ఆర్టికల్స్. “పర్మిషన్ ఎప్పుడూ మనిషికివ్వకక్కా, గ్రూపుకివ్వు. మనిషి వచ్చినా పోయినా గ్రూపులో పేరు మారిస్తే చాలు” అన్నాడు తమ్ముడు.

నాకు ఎక్కువ టైం పట్టింది షేరింగ్, సెక్యూరిటీ అనే రెండు ట్యాబుల తేడా అర్థం కావడానికే. రెండిట్లోనూ రీడ్, ఫుల్ కంట్రోల్ లాంటి మాటలే ఉంటాయి. తమ్ముడు అపార్ట్‌మెంట్‌తో పోల్చి చెప్పాడు. షేరింగ్ అంటే కింద గేటు, సెక్యూరిటీ అంటే ఫ్లాట్ తాళం. గేటులో వాచ్‌మన్ పంపినా ఫ్లాట్ తాళం లేకపోతే లోపలికి పోలేం. తాళం చేతిలో ఉన్నా గేటు మూసి ఉంటే అంతే. నెట్‌వర్క్ మీద వచ్చేవాళ్లకు ఈ రెండిట్లో ఏది గట్టిగా ఉంటే అదే పని చేస్తుంది. అందుకని షేరింగ్‌లో ఎవ్రీవన్ తీసేసి, లాగిన్ ఉన్నవాళ్లందరికీ చేంజ్ అని ఇచ్చి వదిలేశాం. అసలు తాళాలన్నీ సెక్యూరిటీ ట్యాబ్‌లో పెట్టాం.

ఫోల్డర్లు మూడే. మాస్టర్: సీనియర్లు, అకౌంట్స్ రాస్తారు, ఆర్టికల్స్ చదువుతారు. వర్కింగ్: అందరూ రాస్తారు. జీతాలు: సార్, నేను. జీతాల ఫోల్డర్‌లో మా ఇద్దరి పేర్లే పెట్టాక కూడా ఆర్టికల్ లాగిన్‌తో తెరిస్తే తెరుచుకుంది! గుండె గుభేల్‌మంది. ఇన్నేళ్లూ జీతాలు అందరికీ కనిపిస్తూనే ఉన్నాయన్న మాట. డి డ్రైవ్ మీద మొదటి నుంచీ లాగిన్ అయినవాళ్లందరికీ మాడిఫై హక్కు ఉంటుంది, అది కింది ఫోల్డర్లన్నిటికీ వారసత్వంగా దిగుతుంది. అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి డిసేబుల్ ఇన్హెరిటెన్స్ నొక్కి, వచ్చినవాటిని ఉంచుకుని, అక్కర్లేని పేర్లు మనమే తీసేయాలి. అక్కడే ఎఫెక్టివ్ యాక్సెస్ అని ఒకటుంది. అందులో మనిషి పేరు ఇస్తే ఆ ఫోల్డర్ మీద వాళ్లకు చివరికి ఏమేం హక్కులు ఉన్నాయో చూపిస్తుంది. నాకు ధైర్యం వచ్చింది అది చూశాకే.

ఐదున్నరకు తమ్ముడు “ఇంకెవరైనా మిగిలారా అక్కా?” అన్నాడు. జాబితా నేను జీతాల రిజిస్టర్ చూసి రాశాను. అందులో బాబాయి గారి పేరు లేదు. ఆయన మాకు బంధువు కాదు, ఆఫీసులో అందరికీ బాబాయి గారే. 22 ఏళ్లుగా మా దగ్గర పుస్తకాలు రాస్తున్నారు, ఇప్పుడు మధ్యాహ్నం దాకానే వస్తారు. జీతం కాదు, నెలకు ఇంత అని ఫీజు. అలసిపోయి ఉన్నాను. “ఒకరున్నారు, చదివేదాంట్లో వేసెయ్” అన్నాను. ఆయనకు ఇబ్బంది లేకుండా పాస్‌వర్డ్ వద్దన్నాను కూడా. ఖాళీ పాస్‌వర్డ్‌తో నెట్‌వర్క్ మీద రానివ్వదని తమ్ముడు చెప్పాక ఏదో ఒకటి పెట్టించాను.

డిసెంబర్ 1, సోమవారం. పొద్దున గంటసేపు గోల. నెట్‌వర్క్ పేరు, పాస్‌వర్డ్ అడిగితే ఇద్దరు అలవాటుకొద్దీ తమ కంప్యూటర్ తెరిచే నాలుగంకెల పిన్ కొడుతున్నారు. ఎన్నిసార్లు కొట్టినా తప్పే అంటుంది. పిన్ ఆ ఒక్క సిస్టంకే, నెట్‌వర్క్‌కు అసలు పాస్‌వర్డే కావాలి. ఇంకొక అమ్మాయికి పాత లాగిన్ విండోస్ పాస్‌వర్డ్‌లు దాచుకునే క్రెడెన్షియల్ మేనేజర్‌లో నిలిచిపోయి కొత్తది తీసుకోలేదు. అది తీసేస్తే వచ్చింది. పదకొండింటికి ఒకరిని అకౌంట్స్ గ్రూపులోకి మార్చాను. మధ్యాహ్నం దాకా ఆయనకు సేవ్ కాలేదు. సిస్టం రీస్టార్ట్ చేసి మళ్లీ కనెక్ట్ అయ్యాకే కొత్త గ్రూపు పట్టింది. నేను ఏదో తప్పు చేశానని రెండు గంటలు టెన్షన్ పడ్డాను. మధ్యలో మూల పీసీ నిద్రలోకి పోయి అందరికీ ఫోల్డర్ మాయమైంది. స్లీప్ ఆఫ్ చేయాలని మాకెవరికీ తట్టలేదు.

మర్నాడు మాత్రం తప్పు నాదే. ఫోల్డర్‌లో రాయొచ్చు, డిలీట్ మాత్రం చేయకూడదు అన్నట్టు పెడితే ఎంత బాగుంటుంది అనిపించింది. తమ్ముడిని అడక్కుండా అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి అకౌంట్స్ గ్రూపుకు డిలీట్ ఎదురుగా డినై టిక్ పెట్టాను. పావుగంటలో ముగ్గురు లేచి నా టేబుల్ దగ్గరకొచ్చారు. ఎక్సెల్ సేవ్ కావట్లేదు. ఫోల్డర్ తెరిస్తే ఎనిమిదేసి అక్షరాల అర్థం లేని పేర్లతో, ఎక్స్‌టెన్షన్ లేని ఫైళ్లు వరసగా పడి ఉన్నాయి. సాయంత్రం ఫోన్‌లో తమ్ముడు చెప్తే తెలిసింది. మనం సేవ్ నొక్కినప్పుడు ఎక్సెల్ పాత ఫైలు మీదే రాయదు. పక్కన ఒక తాత్కాలిక ఫైలులో రాసి, పాతది తీసేసి, కొత్తదానికి పాత పేరు పెడుతుంది. డిలీట్ ఆపితే ఆ పని సగంలో ఆగిపోతుంది. ఆ చెత్త ఫైళ్లు అవే. అంటే ఎక్సెల్ ఫైళ్ల దగ్గర మార్చే హక్కు ఇచ్చామంటే తీసేసే హక్కు కూడా ఇచ్చినట్టే. ఎవరైనా ఈ పనికి దిగుతుంటే నేను ముందుగా చెప్పేది ఇదే. డిలీట్‌ను పర్మిషన్‌తో ఆపాలని చూడకండి, దానికి బ్యాకప్ పెట్టుకోండి. నెట్‌వర్క్ ఫోల్డర్‌లో డిలీట్ చేసిన ఫైలు మన రీసైకిల్ బిన్‌లోకి రాదు, నేరుగా పోతుంది. ఇంకో మాట, డినై అన్నది అలౌను కొట్టేస్తుంది. నేను కూడా అకౌంట్స్ గ్రూపులో ఉన్నాను కాబట్టి నాకూ సేవ్ ఆగిపోయింది. అప్పటి నుంచి డినై గడి ముట్టుకోలేదు. ఇవ్వకూడని హక్కుకు అలౌ టిక్ పెట్టకపోతే చాలు.

మూడో తేదీన సార్ తన జీతాల ఫోల్డర్‌లో తయారు చేసిన ఒక ఫీజుల పట్టికను వర్కింగ్‌లోకి కట్ చేసి పేస్ట్ చేశారు. అందరికీ ఫైలు కనిపిస్తోంది, ఎవరికీ తెరుచుకోవట్లేదు. ఒకే డ్రైవ్‌లో మూవ్ చేస్తే ఫైలు తన పాత తాళంతోనే వస్తుంది. కాపీ చేస్తే కొత్త ఫోల్డర్ తాళం పడుతుంది. ఇప్పుడు సార్‌కు కాపీ చేయమనే చెప్పాం.

ఇక బాబాయి గారి సంగతి. నాలుగో తేదీ గురువారం పన్నెండున్నరకు నా టేబుల్ మీద ఆరు ప్రింటవుట్లు కనిపించాయి. మాస్టర్ షీట్లే. మార్జిన్‌లో ఎర్ర ఇంకుతో, ఆయన గుండ్రటి అక్షరాలతో దిద్దుబాట్లు. ఒక చోట అంకె కొట్టేసి పక్కన సరైనది రాసి, కింద చిన్న సంతకం, తేదీ. మొదటి కాగితం మీద తేదీ 1వది. అంటే నాలుగు రోజులుగా ఆయన ఫైలు తెరుస్తున్నారు, తప్పు చూస్తున్నారు, దిద్ది సేవ్ కొడితే వేరే చోట కాపీ పెట్టుకోమంటోంది. ఆయన కాపీ పెట్టలేదు, రెండు మాస్టర్లు అయితే ఏది అసలుదో తెలియదని. ప్రింటు తీసి ఎర్ర ఇంకుతో దిద్ది పెట్టుకున్నారు. ఒక్కరికీ చెప్పలేదు.

నేను ఆయన దగ్గరకెళ్తే సంచి సర్దుకుంటున్నారు. “బాబాయి గారూ, ఇవి మీరు సేవ్ చేయలేకపోయారా?” అన్నాను. “వయసైందిగా అమ్మా, ఇక చూడటం వరకే అనుకున్నారేమో అనుకున్నా” అన్నారు. మాటలో కోపం లేదు. నాకు గొంతు పట్టేసింది. ఆ ఆదివారం అలసటలో అన్న ఒక్క మాట ఆయనకు నాలుగు రోజులు అలా వినిపించింది. ఆ చిన్న రీడ్-ఓన్లీ అక్షరాల వెనక ఎవరూ ఏమీ నిర్ణయించలేదని ఆయనకెలా తెలుస్తుంది? ఎవరికెంత అనుమతి అని కాగితం మీద రాసేటప్పుడు రిజిస్టర్ చూసి రాయకూడదు, ఒక్కొక్కరి దగ్గరకు వెళ్లి మీరు రోజూ ఏ ఫైల్లో రాస్తారు అని అడగాలి. తీసేసేది ఉంటే ముందే ముఖాన చెప్పాలి. చేయి పట్టుకుని కూర్చోబెట్టి, ఆయన్ను సీనియర్ల గ్రూపులోకి మార్చి, రీస్టార్ట్ చేసి, ఆ ఆరు కాగితాలూ ఆయన చేతనే ఎక్కించాను. ఎక్సెల్ ఆప్షన్స్‌లో అడ్మిన్ తీసేసి ఆయన పేరు కొట్టాను. సేవ్ అయినప్పుడు ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

ఆ పేరు మార్చడం అందరి సిస్టంలలోనూ చేశాం. ఎవరైనా ఫైలు తెరిచి ఉంచితే ఇంకొకరికి ఫలానావారు వాడుతున్నారని వస్తుంది. ఇదివరకు ఎప్పుడూ అడ్మిన్ అని వచ్చేది, గది మొత్తం “మాస్టర్ ఎవరు తెరిచారూ?” అని అరుచుకునేవాళ్లం. ఇప్పుడు నేరుగా వాళ్లనే అడుగుతున్నారు. ఎవరూ దొరక్కపోతే నేను మూల పీసీలో కంప్యూటర్ మేనేజ్‌మెంట్, షేర్డ్ ఫోల్డర్స్‌లో ఓపెన్ ఫైల్స్ చూస్తాను.

పని కొంచెం పెరిగిన మాట నిజం. ఆర్టికల్స్ వర్కింగ్‌లో రాసింది మాస్టర్‌లోకి ఎక్కించడానికి నాకు రోజూ నలభై నిమిషాలు పడుతోంది. సార్‌కు చెప్పాను, ఆయన మధ్యాహ్నం ఫోన్లు వేరేవాళ్లకు అప్పగించారు.

పదో తేదీన లంచ్ అయ్యాక ఒక ఆర్టికల్ అమ్మాయి వచ్చి, “అక్కా, ఆ రోజు ఆ కాలమ్ సార్ట్ చేసింది నేనే. ఎక్కువ ఐటీసీ ఎవరిదో చూద్దామని నొక్కాను. రెండు రాత్రులూ మీతోనే కూర్చున్నా, చెప్పలేకపోయా” అంది. కళ్లనిండా నీళ్లు. నిజంగానే ఆ రెండు రాత్రులూ అందరికంటే ఎక్కువ 2బిలు దించింది ఆ పిల్లే. పక్కన కూర్చోబెట్టుకుని, ఫిల్టర్ పెట్టుకుని సార్ట్ ఎలా చేయాలో చూపించాను. సార్‌కు తనే చెప్తానంది, చెప్పింది.

20వ తేదీ శనివారం మళ్లీ 3బి. రాత్రి ఏడూ పదికి ఆఖరిది వెళ్లింది. అందరూ వెళ్లిపోతుంటే నేను బ్యాకప్ డిస్క్ తీసుకుని మూల పీసీ దగ్గర కూర్చున్నాను. ఓపెన్ ఫైల్స్‌లో ఒక్క పేరే మిగిలింది. మధ్యాహ్నమే వెళ్లాల్సిన బాబాయి గారు ఆ రోజు రాత్రి దాకా ఉండి మాస్టర్ చివరి షీటు చూసుకుంటున్నారు. ఆయన మూసే దాకా ఆగి డిస్క్ పెట్టాను.